సప్పుడొస్తే మెట్ల కిందికి

నేను బడి ఇడిచిపెట్టింది ఏడో తరగతిలో. లెక్కల సారుకు నేనంటే పడదు, నాకు లెక్కలంటే పడవు. ఒకరోజు ఎవరూ ఎవరితో కొట్లాడకుండనే బయటికొచ్చిన. అప్పటి నుంచి నోరే నా చదువు, నోరే నా సర్టిఫికెట్టు. పాల్వంచలో ఆటో నడిపే రోజుల్లో, కరెంటు ప్లాంటుల షిఫ్టు దిగినోళ్లు ముందట ఖాళీ ఆటో నిలబడి ఉన్నా నా ఆటో దాక నడిచొచ్చేది, కాలనీ చేరేదాక నవ్వుకుంట పోవచ్చని. ఒకాయన దిగేటప్పుడల్లా, "మీటరు ఆటోకు గాదురా, నీ నోటికి పెట్టాలె" అనేది.

ఆ నోటితో నేను చేసిన ఒక పని గురించి రాస్తున్న. చెడ్డ మనసుతో చెయ్యలేదు. నా బిడ్డను నవ్వించి రెండు ముద్దలు తినిపిద్దామని చేసిన.

రెండు వేల ఆరులో నేను బీరూట్‌లో ఉన్న. లెబనాన్ దేశానికి రాజధాని అది, సముద్రం ఒడ్డున ఉంటది. ఆరంతస్తుల బిల్డింగుకు వాచ్‌మన్‌ని. మెట్లు కడగాలె, కార్లు తుడవాలె, అందరికి రొట్టెలు తేవాలె, చెత్త దించాలె. ఉండనీకి మెట్ల కింద ఒక అర్ర ఇచ్చిండ్రు. దానికి మూడు మూలలే. నాలుగో మూలను మెట్లు మింగినయి. నిలబడితే తల తగుల్తది. మా ఇంటిదానికి ఫోన్‌లో చెప్పిన: "నా ఇంట్లకు నేను పోవాల్నన్నా వంగి దండం పెట్టే పోవాలె, అంత మర్యాద గల ఇల్లు." ఆమె నవ్వలేదు. "తల జాగ్రత్త" అన్నది.

ఆమె, మా బిడ్డ బూర్గంపాడులో ఉండేది. నేను పోయేనాటికి బిడ్డకు నాలుగేండ్లు, ఆ ఏడుకు ఆరు. ఇంటిది జాకెట్లు కుట్టేది. మాకు ఫోన్ లేదు. రెండిండ్ల అవతల ఒక టీచరమ్మది డాబా ఇల్లు. ఆ ఇంట్లో హాలు నుంచి డాబా మీదికి పోయే మెట్లున్నయి, ఆ మెట్ల కింద స్టూలు మీద ఫోను. ఆదివారం చర్చి అయినంక నేను చేస్తే, టీచరమ్మ గోడ మీదికెళ్లి కేకేసేది. బిడ్డ ఉరికొచ్చి స్టూలు పక్కన నేల మీద చతికిలబడేది.

"ఏడున్నవు నాయినా?"

"మెట్ల కింద. నువ్వు?"

"నేను గూడ మెట్ల కిందనే!"

"చూసినవా మరి, ఇద్దరిదీ ఒకటే ఇల్లు."

వారం వారం ఇదే మాట, వారం వారం అదే నవ్వు.

* * *

పక్క దేశంతోని యుద్ధం మొదలైన పొద్దున నేను చేసిన ఘనకార్యం చెప్పాలె ముందు.

గోదారి ఒడ్డున పుట్టినోనికి ఆపదంటే నీళ్లే. మా ఊరికి ఒక దిక్కు గోదారి, ఇంకో దిక్కు కిన్నెరసాని. రెండూ కలిసి పొంగితే ఊరు మధ్యల మిగుల్తది. మొదటి హెచ్చరిక అంటే మూటలు కట్టు. రెండో హెచ్చరిక అంటే పొయ్యి, బియ్యం డాబా మీద పెట్టు. మూడో హెచ్చరిక అంటే నువ్వు గూడ ఎక్కు. చిన్నప్పటి నుంచి కాళ్లకు పడ్డ అలవాటు అది. బుర్రను అడగనక్కరలేదు.

ఆ పొద్దున ఎయిర్‌పోర్టు దిక్కు నుంచి పెద్ద సప్పుడొచ్చింది. నా అర్ర గోడకున్న సున్నం రాలి పక్క మీద పడ్డది. ఇంకోటి. ఇంకోటి. నేను లేచి కూచున్న. అంతే, కాళ్లు పని మొదలుపెట్టినయి. చిన్న గ్యాసు పొయ్యి చంకల పెట్టుకున్న, బియ్యం సంచి నెత్తిన పెట్టుకున్న, అగ్గిపెట్టె నోట్ల కరుచుకున్న, మెట్లెక్కుడు సురువు చేసిన.

బిల్డింగంతా దిగుతున్నది. పిల్లల్ని సంకనేసుకొని, దుప్పట్లు పట్టుకొని, చెప్పుల్లేకుండ అందరూ కిందికి, కార్లు పెట్టే సెల్లారులోకి. నేనొక్కణ్ణే బియ్యం నెత్తినెత్తుకొని మీదికి. మూడో అంతస్తు ఆయన నన్ను చూసి ఆగిండు. ఆయనే తప్పు దిక్కు పోతున్నడనుకొని నేను అగ్గిపెట్టె తీసి, వచ్చీరాని వాళ్ల భాషలో అరిచిన: "పైకి! పైకి! నీళ్లు రాకముందే!"

యుద్ధం మొదటి గంటలో ఆ మెట్ల మీద ముగ్గురు మనుషులు నవ్విండ్రు. అది నా వల్లనే.

నాలుగో అంతస్తు తలుపు కాడ బిల్డింగు ఓనరు తల్లి నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్లు అసలే పని చెయ్యవు, నోరు మాత్రం మూడు షిఫ్టులు పని చేస్తది. నేను ఆమెను అవ్వా అని పిలిచేది. దానికి అర్థమేందంటే మా భాషలో మహారాణి అని చెప్పిన. అప్పటి నుంచి పక్కింటోళ్లకు గూడ చెప్పి పిలిపించుకునేది.

"యాడికి పోతున్నవ్ గాడిదా?" అన్నది.

"డాబా మీదికి."

"బాంబులు ఎక్కణ్నుంచి పడతయి?"

నేను మీదికి చూసిన. బియ్యం సంచి దించి ఆమె గడప కాడ పెట్టిన.

ఆమె మాత్రం సెల్లారుకు దిగలేదు. ఇంతకు ముందు జరిగిన పాత యుద్ధాల్లో ఏండ్ల తరబడి అదే ఇంట్లో ఉన్నదట. కిటికీ అద్దాలు పగలకుండ రెక్కలు తెరిచిపెట్టి, ఇంటి నడుమ రెండు గోడల మధ్య నడవలో కుర్చీ వేసుకొని కూచుంటది. "వీధికి, నాకు నడుమ రెండు గోడలుంటే చాలు. మూడోది దేవుడు" అనేది. ఆ నడవలోనే గోడకు ఆమె ఫోను.

* * *

నాలుగు రోజుల్లో బిల్డింగు ఖాళీ అయింది. అందరూ కొండల మీది ఊర్లకు పోయిండ్రు, తాళాలు నాకిచ్చి. చెట్లకు నీళ్లు పొయ్యి, పిట్టకు గింజలెయ్యి, పిల్లికి తలుపు తియ్యి. ఓనరు గూడ పోయిండు. తల్లి రానన్నది. రెండు రోజుల్లో వచ్చి తీస్కపోత, చూసుకో అన్నడు. ఆయన బీరువాలో నా పాస్‌పోర్టు. ఎనిమిది ఇండ్ల తాళాలు నా మొలతాడుకు వేలాడుతున్నయి, ఆ బీరువాది తప్ప.

యుద్ధమంటే పొద్దస్తమానం బాంబులని మీరు అనుకుంటరు. పొద్దస్తమానం నీళ్లు. కరెంటు లేదు, మోటరు లేదు, లిఫ్టు లేదు. వీధి చివర మసీదు నల్ల కాడ క్యాన్లు నింపుకొని నాలుగంతస్తులు మొయ్యాలె, ఒకటి అవ్వకు, ఒకటి పిట్టకు, చెట్లకు. గోదారి ఒడ్డున పుట్టి బిందె నీళ్లకు లైన్ల నిలబడ్డ. రొట్టెల దుకాణం ముందట ఇంకో లైను. లైన్ల ఉండంగ సప్పుడొస్తే అందరూ మోకాళ్ల మీద కూలబడతరు, మళ్ల లేస్తరు, లేచేటప్పుడు వెనకాయన ముందుకొస్తడు. "బాంబు నీకు, నంబరు నాకా?" అని కొట్లాట.

మీద పొద్దంతా ఒక చిన్న ఇమానం తిరుగుతుండేది. పైలట్ లేనిదట, ఫోటోలు తీస్తదట. దాని సప్పుడు అచ్చం కుట్టుమిషన్ సప్పుడు. కండ్లు మూసుకుంటే ఇంట్ల పండుకున్నట్టే ఉండేది, మా ఇంటిది పక్కన జాకెట్లు కుడుతున్నట్టు. కొన్ని రోజులు దాన్ని ఇష్టంగనే విన్న. అది ఆగినంకనే పెద్ద ఇమానాలు వచ్చేటియని తెలిసినంక, ఆ మిషను సప్పుడు ఆగితే చేతిలున్న క్యాను ఆడనే వదిలి గోడ పక్కకు ఉరికేటోణ్ణి.

పెద్దయి వచ్చి నగరం దక్షిణం దిక్కు పడేసేటియి. మా వీధికి అది ఎంత దూరమంటే, పాల్వంచ బస్టాండు నుంచి కరెంటు ప్లాంటు గేటంత, ఆటోల పది నిమిషాలు. నిన్న అంగట్ల టమాటలు అమ్మినోడు ఇయ్యాల రాకపోతే, ఎందుకు రాలేదని ఎవరూ అడుగకపోయేది.

ఆ ఆదివారం టీచరమ్మ ఇంటికి ఫోన్ చేసిన. ఇంటిదే ఎత్తింది.

"ఏందయ్యా, బతికున్నవా?"

"లేను. సచ్చినోళ్లకు ఫోన్ ఫ్రీ అంటే చేస్తున్న."

"నీ పరాచికాలు పాడుగాను. నీ బిడ్డ మూడొద్దుల నుంచి అన్నం ముడుతలేదు."

బిడ్డ టీచరమ్మ ఇంట్ల టీవీలో పొగ చూసిందట. కూలిన బిల్డింగు చూసిందట. అది నాయినది అనుకున్నదట. ఎంత చెప్పినా వినదట. పళ్లెం ముందట పెడితే నోరు కుట్టేసినట్టు కూచుంటదట. దవాఖానకు తీస్కపోతే డాక్టరు టానిక్కు రాసిండు. టానిక్కు గూడ ఊంచుతున్నది.

"బిడ్డకియ్యి ఫోను" అన్న.

ఊపిరి సప్పుడు వినబడ్డది. మాట లేదు.

"ఏడున్నవు బిడ్డా? మెట్ల కిందనేనా?"

అప్పుడే ఇక్కడ దూరంగ ఒకటి పడ్డది. కిటికీ రెక్కలు కొట్టుకున్నయి. ఫోన్లో వినబడ్డదేమో, బిడ్డ కీసుమన్నది. అది వినంగనే నా నోటికి ఆట వచ్చేసింది. నేను ఆలోచించలేదు. ఆటోల జోకులు ఎట్ల వచ్చేటియో గట్లనే వచ్చింది.

"అగో, సప్పుడు! ఇదొక ఆట బిడ్డా. ఇక్కడ అందరు పిల్లలు ఆడుతున్నరు. సప్పుడొస్తే ఏం చెయ్యాల్నో తెల్సా? కిందికి ఉరకాలె. మెట్ల కింద దూరాలె. రెండు చెవులు గట్టిగ మూసుకొని పది లెక్కపెట్టాలె. లెక్కపెట్టినంక 'పోయింది!' అని అరవాలె. అరిస్తే గెలిచినట్టు. గెలిచినోళ్లకు ఒక ముద్ద."

తర్వాత సన్నగ, "పోయింది" అని వినబడ్డది.

"గట్టిగ!"

"పోయింది!"

"అమ్మా, ముద్ద పెట్టు!" అని నేనరిచిన.

పెట్టింది. బిడ్డ మింగింది. ఇంటిది ఫోన్ల ముక్కు ఎగబీల్చుకున్నది, నేను విననట్టు ఊకున్న.

* * *

ఆ నాటి నుంచి రోజూ. బీరూట్‌ల సాయంత్రం నాలుగున్నర అయితే ఊర్ల దీపాలు పెట్టే యాళ, బిడ్డ తినే యాళ. వీధిలో కార్డు ఫోన్లన్నీ సచ్చిపోయినయి. అవ్వ ఇంట్ల ఫోనే బతికున్నది, దానికి నేను కార్డు గీకి నంబరు కొట్టేది. అంటే నేను నాలుగో అంతస్తులో ఉండి చేస్తున్న. బిడ్డ రోజూ అడిగేది: "మెట్ల కిందనే ఉన్నవా నాయినా?"

"మెట్ల కిందనే బిడ్డా."

అవ్వకు తెలుగు రాదు. అయినా ఆ అబద్ధం ఆమెకు అర్థమైనట్టే చూసేది.

ఒక సప్పుడుకు ఒక ముద్ద. కొన్ని రోజులు సప్పుళ్లు బాగ పడి బిడ్డ కడుపు నిండ తినేది. కొన్ని రోజులు ఆ యాళకు ఏమీ పడకపోయేది. ఇప్పుడు రాయాల్నంటే సిగ్గనిపిస్తది, అట్లాంటి రోజు నేను బాంబు కోసం చెవులు రిక్కించుకొని చూసేటోణ్ణి. ఎవని ఇల్లు కూలితేంది, నా బిడ్డ ఇంకో ముద్ద తినాలె. పడకపోతే నేనే తలుపు మీద పిడికిలితో గుద్దేది. అవ్వకు ఆట అర్థమైనంక ఆమె గూడ చేరింది. కుర్చీలో కూచొని గిన్నె మీద గరిటెతో దబదబ కొట్టేది. బయట బాంబులు లేక నిమ్మళంగ ఉంటే, లోపల మేమిద్దరం బాంబులేస్తుంటిమి.

"నిన్న పడ్డది దీనికన్న పెద్దగ ఉండె" అనేది బిడ్డ.

"ఇయ్యాల ముసలి బాంబు బిడ్డా. మోకాళ్లు లేవు దానికి."

నవ్వేది. నవ్విన నోట్ల వాళ్లమ్మ ముద్ద పెట్టేది. చివరికి పాఠం ఒప్పజెప్పిచ్చుకునేటోణ్ణి.

"ఇమానం సప్పుడు వినబడితే ఏం చెయ్యాలె?"

"కిందికి ఉరకాలె!"

"యాడికి?"

"మెట్ల కిందికి!"

"ఆడ ఎవరుంటరు?"

"నువ్వుంటవు!"

ఆ మాటతో ఫోన్ పెట్టేది. ఆ మాట వినంగనే నాకు తెల్లారిందాక సరిపోయేటంత బలం.

మన దేశపోళ్లను తీస్కపోనీకి ఓడలొచ్చినయని తెలిసి నేను గూడ మన ఎంబసీకి పోయిన. పాస్‌పోర్టు లేకున్నా కాయితం రాసిస్తరట, రెండు ఫోటోలు తెమ్మన్నరు. ఆ మాట విని నేను నవ్విన. బయటికొచ్చి ఫోటో స్టూడియో కోసం తిరుగుతుంటే నవ్వు ఆగింది. అన్ని షట్టర్లూ కిందికే. ఒక స్టూడియో అద్దం పగిలి ఉంది, లోపల ఎవరిదో పెండ్లి ఫోటో గోడకే ఉంది, తీసెటోడు లేడు. మూడొద్దులు తిరిగిన. ఆకాశంల ఇమానం పొద్దంతా ఫోటోలు తీసుడే, నాకు మాత్రం రెండు ఫోటోలు దొరకలేదు. ఓడ పోయింది. మళ్లొకటి వస్తదో రాదో తెలియదన్నరు.

ఇంటిదానికి చెప్తే, "ఆట ఆడిపియ్యి, తినలే ఇంక" అన్నది.

* * *

ఆగస్టు మొదట్ల ఒక సాయంత్రం ఫోన్ ఎత్తంగనే ఇంటిది గొంతు ఉరుకుతున్నది.

"జల్దీ చెప్పు. రెండో హెచ్చరిక దాటింది. ఆటోల మైకు పెట్టి తిరుగుతున్నరు. కిన్నెరసాని ఎనక్కి తంతున్నది, సారపాక రోడ్డు మునిగిందట. టీచరమ్మ డాబా మీదికి రమ్మన్నది. బియ్యం, పొయ్యి, మిషను ఎక్కిచ్చిన."

"నువ్వు ఎక్కు ముందు. మిషను మల్ల కొనుక్కుందం."

"బిడ్డ మాట్లాడుతనంటున్నది."

బిడ్డ తీసుకున్నది. "నాయినా, ఇయ్యాల సప్పుడు లేదా?"

"ఇయ్యాల ఆటకు సెలవు బిడ్డా. అమ్మతోని పైకి పో."

"ఫోను గూడ పైకి వస్తదా?"

"రాదు. దాని వైరు పొట్టిది."

"మరి నువ్వు ఎట్ల వస్తవు?"

"నీళ్లు తీసినంక వస్త."

"ఈడికేనా? మెట్ల కిందికే?"

"ఇంకేడికి పోత."

ఇంత ముచ్చట ఆడినం గని, ఆట బందు చేసిన అని నేను చెప్పలేదు. సెలవు అన్న, అంతే. పైకి పో అన్న, సప్పుడొస్తే గూడ పైనే ఉండు అనలేదు. ఊర్ల ఇమానం సప్పుడు ఎందుకొస్తదని నాకెట్ల తడుతది? మా ఊరికి బస్సే సక్కగ రాదు.

తెల్లారి సాయంత్రం నాలుగున్నరకు కొట్టిన. మోగుతున్నది, ఎవరూ ఎత్తలేదు. ఎత్తకున్నా మంచిదే అనుకున్న. మోగుతున్నదంటే నీళ్లు ఇంకా స్టూలు దాక రాలేదన్నట్టు.

ఆ మర్నాడు మోగలేదు.

అవ్వ నా మొఖం చూసి, "మోగుతలేదా?" అన్నది. లేదన్న. మునిగింది స్టూలో, ఎక్స్ఛేంజో. మళ్ల కొట్టిన. ఇరవై సార్లు కొట్టిన. నా వేలు నొస్తే ఆమె కొట్టింది. మూడో రోజుకు మా టీచరమ్మ నంబరు ఆమెకు నోటికి వచ్చింది, వాళ్ల భాషలో పాట లెక్క చదువుకుంట కొట్టేది.

బ్యాటరీ టీవీలో అన్ని దేశాల వార్తలు పెట్టి చూసిన. లోకమంతా బీరూట్‌ను చూస్తున్నది. బీరూట్‌లో ఉన్న నేను బూర్గంపాడును చూద్దామంటే ఏ టీవీలో లేదు. అవ్వకు చెప్పిన, మా ఊరు గూడ మునిగిపోతున్నదని. "మిమ్మల్ని ఎవరు కొడుతున్నరు?" అన్నది. నది అన్న. "దానితో మాట్లాడెటోళ్లు ఎవరూ లేరా?" అన్నది. ఆమె ఎగతాళి చెయ్యలేదు.

నాలుగో రోజు నేను నీళ్లకు పోలేదు. రొట్టెలకు పోలేదు. డాబా మీదికెక్కి నీళ్ల ట్యాంకు పక్కన కూచున్న, పట్టపగలు, ఆ కుట్టుమిషన్ ఇమానం కింద. ఎందుకంటే చెప్పలేను. నా పెండ్లాం బిడ్డ ఒక డాబా మీద ఉన్నరు, నేను గూడ ఒక డాబా మీద ఉండాలె అనిపించింది. దక్షిణం దిక్కు పొగ లేస్తున్నది. నేను చిన్నగున్నప్పుడు ఇట్లనే మా డాబా మీద కూచొని నీళ్లల్ల కొట్టుకపోయే గడ్డివాములు, గంపలు, మేకలు చూసినం. అప్పుడు మా నాయిన ప్రతి గంటకు మెట్ల మీద ఒక గీత గీసేది. నీళ్లు గీత దాటినయా, దాటలేదా. నేను గూడ నేల మీద గోరుతో గీతలు గీసుకుంట కూచున్న. నా గీతలు దేనికో నాకే తెల్వదు.

మిషను సప్పుడు ఆగింది. నేను లేవలేదు. నిజం చెప్తున్న, లేవాలనిపించలేదు.

కింద నుంచి గిన్నె మీద గరిటె సప్పుడు. దబదబ. ఆగకుండ. అవ్వ. మోకాళ్లు లేని మనిషి నాలుగో అంతస్తు తలుపు దాక గోడ పట్టుకొని వచ్చి కొడుతున్నది. నేను దిగేదాక ఆపలేదు. దిగినంక తిట్టింది. నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టి, తెలియనియి గూడ కొన్ని తిట్టింది. ఎప్పుడైనా అయితే ఒకటికి రెండు అప్పజెప్పేటోణ్ణి. ఆ రోజు క్యాన్లు తీసుకొని నల్ల కాడికి పోయిన.

* * *

ఆరో రోజు పొద్దున ఫోన్ మోగింది. ఆ ఫోన్ మోగి చాన రోజులైంది. అవ్వ ఎత్తి, విని, నా చేతిలో పెట్టింది.

"నేనే" అన్నది మా ఇంటిది. పాల్వంచ బళ్లె పెట్టిండ్రట ఊరోళ్లను, ఎదురుంగ ఎస్టీడీ బూతు. నంబరు జాకెట్ల కొలతల పుస్తకంల రాసుకున్నదట, ఆ పుస్తకం నడుముకు కట్టుకొని పడవెక్కిందట.

"బిడ్డ?" అన్న.

"ఉన్నది."

ఆ 'ఉన్నది' అన్న తీరుకు ఫోన్ చెవికి ఇంకింత అదుముకున్న.

"మూడో రోజు" అన్నది. "డాబా మీద ఇరవై మందిమి. మెట్లల్ల నీళ్లు ఏడో మెట్టు దాక వచ్చినయి. బియ్యం నానినయి, పొయ్యి అంటుకుంటలేదు. అప్పుడు హెలికాప్టర్ వచ్చింది, పులిహోర పొట్లాలు పడెయ్యనీకి. మేమందరం చేతులు లేపి అరుస్తున్నం. చీరలు ఊపుతున్నం. అందరం మీదికి చూస్తున్నం. నాకొక పొట్లం దొరికింది. బిడ్డకు పెడదామని తిరిగి చూస్తే లేదు."

నాకు అప్పటికే తెలిసిపోయింది.

"మెట్ల కాడికి ఉరికిన. లోపల చీకటి. నీళ్లల్ల దిగుతున్నది. ఛాతి దాక మునిగింది. పిలిచిన. మల్ల పిలిచిన. తిరుగది. రెండు చేతులతోని చెవులు మూసుకున్నది గదా, ఎట్ల వినబడతది? లెక్కపెట్టుకుంట దిగుతున్నది. నేను పోయేసరికి గదువ మునిగింది. జడ దొరికింది. జడ పట్టి గుంజిన."

గోడకు తల ఆనిచ్చి విన్న.

"యాడికే పోతున్నవంటే, సప్పుడొచ్చింది గదా, నాయిన కాడికి అన్నది."

బూతులో వెనక ఎవరో జల్దీ కానియ్యమంటున్నరు. ఆమె వాళ్లను, "ఆగండయ్యా జరసేపు" అని కసిరింది. మల్ల నాతో, ఏడుపు, కోపం కలిసి, "మూడొద్దులైంది, ఒక్క మాట మాట్లాడలే. మిద్దె కింద కూచోదు, మెట్లు చూస్తే ఒణుకుతది. నేను చెప్తే వినదు. నువ్వు చెప్పినవు, నువ్వే తియ్యి. పరాచికాలాడినవంటే ఫోన్ పగలగొడ్త."

ఫోన్ చేతులు మారిన సప్పుడు. ఊపిరి.

"బిడ్డా" అన్న. బస్టాండుల, రొట్టెల లైన్ల, బాంబుల కింద ఎప్పుడూ ఆగని నోరు అక్కడ ఆగింది. "బిడ్డా, ఆ ఆట అయిపోయింది. నాయిన తప్పు చెప్పిండు. మన ఊర్ల ఇమానం వస్తే అది అన్నం తెచ్చే ఇమానం. దానికి పైకే ఉరకాలె. చెవులు మూసుకోవద్దు. అమ్మ పిలిస్తే వినబడాలె."

అప్పుడే బయట మిషను సప్పుడు ఆగింది. అవ్వ నా దిక్కు చూసింది. నేను ఫోన్ కింద పెట్టలేదు. ఎట్ల పెడత? ఒక నిమిషానికి పడ్డది. ఇప్పటిదాక పడ్డవాటికన్న దగ్గర. కిటికీ రెక్క ఒకటి ఊడి హాలులో పడ్డది, నడవ నిండ దుమ్ము.

"నాయినా." మూడొద్దుల తర్వాత మొదటి మాట. "అది నిజం సప్పుడా, నువ్వు చేసిన సప్పుడా?"

తలుపు గుద్దిన అని చెప్దామని నోటి దాక వచ్చింది.

"నిజందే బిడ్డా."

"ఆడ వచ్చేది అన్నం తెచ్చే ఇమానమేనా?"

"కాదు."

"మరి నువ్వు మెట్ల కింద ఉన్నవా?"

అవ్వ కుర్చీ చేతులు గట్టిగ పట్టుకొని నన్నే చూస్తున్నది.

"లేను బిడ్డా. పైన ఉన్న. ఫోను పైననే ఉంటది. రోజూ పైన్నుంచే మాట్లాడిన."

బిడ్డను ఇంకొకసారి ముంచిన అనుకున్న.

"అయితే దిగు" అన్నది. వాళ్లమ్మ గొంతే అచ్చం. "నేను పైకి పోత. నువ్వు కిందికి దిగు. ఫోన్ పెట్టు."

"పెడత. నువ్వు తింటవా?"

"నువ్వు దిగు ముందు!" అన్నది. నేను పెట్టలేదు. ఆమెనే పెట్టేసింది.

టక్కుమన్నది. ఆ ఫోన్‌లో అంతకు ముందెప్పుడూ నా బిడ్డ ముందుగ పెట్టలేదు. ఎప్పుడూ, 'ఇంకొకటి నాయినా, ఇంకొకటి' అనేది.

"ఏమన్నది?" అన్నది అవ్వ.

"దిగమన్నది."

అవ్వ మీదికి, కిటికీ దిక్కు, ఆమె రెండు గోడల దిక్కు చూసింది. తర్వాత రెండు చేతులు నా దిక్కు చాపింది. పాత యుద్ధాల్లో గూడ దిగని మనిషి. నేను వంగిన, ఆమె నా వీపున ఎక్కింది. బియ్యం సంచి కన్న తేలికనే ఉంది. నాలుగంతస్తులు, ఒక్కొక్క మెట్టు చూసుకుంట, దిగుడు సురువు చేసిన. మొలతాడుకు ఎనిమిది ఇండ్ల తాళాలు గలగలమంటున్నయి. రెండో అంతస్తు కాడ ఇంకోటి పడ్డది. అవ్వ నా రెండు చెవులు మూసింది. "తియ్యి అవ్వా" అన్న. "నాకు వినబడాలె."